అమ్మవారు ఉన్న ఇంట్లో ఏడవకూడదు

కరోనా వచ్చిన మొదటి వేసవిలో మా మనవరాలు హైదరాబాదులో ప్రసవించింది. బస్సులు లేవు, కిరాయి కార్లు లేవు, చౌరస్తాకు ఇద్దరు చొప్పున పోలీసులు. పుట్టిన పసికందును చూడాలంటే మా అమ్మాయి చేతిలో ఉన్న ఫోను, ఆ ఫోనులో కదిలే అరచేతి వెడల్పు మొహం తప్ప బాన్సువాడలో కూర్చున్న మాకు ఇంకో దారి లేకపోయింది. ఎట్లా ఉన్నావు బిడ్డా అని అడిగితే మనవరాలు "బాగానే ఉన్నా అమ్మమ్మా" అంది. మర్నాడు అడిగితే అదే మాట, మూడో నాడూ అదే మాట, అదే గొంతు, ఎత్తూ లేదు, వంపూ లేదు. పిల్ల ఎంత ధైర్యంగా ఉందో చూశావా అని మా అమ్మాయి మురిసిపోతుంటే నాకు ఆ పూట ముద్ద దిగలేదు. నువ్వు ఇప్పుడే బయల్దేరు, పాసు తెచ్చుకుంటావో పోలీసుల కాళ్ళే పట్టుకుంటావో నాకు తెలియదు అని నేను మొండికేస్తే, అమ్మాయి నన్ను నాలుగు మాటలని, చివరికి వెళ్ళింది. వెళ్ళేసరికి మనవరాలికి కంటి మీద కునుకు లేక వారం రోజులైంది. తర్వాత ఒక డాక్టరమ్మ వారం వారం ఫోనులో మాట్లాడి, మందులూ ఇచ్చి, మెల్లగా మనిషిని చేసింది, ఇప్పుడు బాగుంది.

తిరిగి వచ్చాక మా అమ్మాయి నన్ను ఒకటే ప్రశ్న అడిగింది, ఫోనులో ఒక్క మాట విని నీకెట్లా తెలిసిందమ్మా అని. పెద్దదాన్ని కదా, తెలుస్తుంది అని తప్పించుకున్నాను. ఆమెకు చెప్పలేనిది మీకు చెబుతున్నాను. నా ఈడువాళ్ళు, వెనక గదుల్లో పిల్లల్ని కన్నవాళ్ళు, మీకు నేను ఎక్కువ విడమరచనక్కర్లేదు.

నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు, డెబ్బైల తొలి రోజులు. నా పుట్టిల్లు బిచ్కుంద పక్కన ఒక పల్లె, సగం మాటలు మరాఠీలో నడిచే ఊరు. మా నాయనమ్మ కోపం వస్తే తెలుగులో తిట్టి, ముద్దు వస్తే మరాఠీలో పిలిచేది. అత్తగారిల్లు బాన్సువాడ, బస్టాండు వెనక గల్లీలో. కాల్వ కింద వరి, మిట్ట మీద చెరుకు, ఇంట్లో మా అత్తగారు, మా ఆయన, పదిహేడేళ్ళ ఆడబిడ్డ, నేను. మామగారు అప్పటికే పోయారు. మొదటి కాన్పు తల్లిగారింట్లో జరగాలి కదా, ఏడో నెలలో మా అమ్మ వచ్చి తీసుకుపోవాల్సింది. కానీ ఆ ఏడు మా పల్లెలో అమ్మవారు పోసింది. ఇద్దరు పిల్లలు పోయారు, ఊరు ఊరంతా వేపాకు వాసన అని కబురొచ్చింది. మీ కోడలిని పంపొద్దు అని మా అమ్మే చెప్పి పంపించింది. పంపేది లేదని మా అత్తగారు అంతకు ముందే తీర్మానించుకున్నారు, అమ్మవారు బస్సెక్కి బాన్సువాడ దాకా రాదని ఆవిడ ధీమా.

అట్లా నా బిడ్డ అత్తగారింట్లో పుట్టింది. కాన్పు చేసింది మా వాడలోని అవ్వ. ఆమె పేరు ఎవ్వరూ పలికేవారు కాదు, బాన్సువాడలో సగం మంది ఆమె చేతుల్లోంచి భూమి మీద పడ్డవాళ్ళే కనుక అందరికీ అవ్వ. పొట్టి మనిషి, ఎప్పుడూ దవడన పొగాకు, నవ్వితే మొహంలో కళ్ళు కనిపించేవి కావు. పిల్ల పుట్టిన తొమ్మిదో రోజున మా ఆడబిడ్డకు జ్వరం వచ్చింది. మూడో రోజుకు మొహం మీద పొక్కులు తేలాయి. అమ్మవారు బస్సెక్కే వచ్చింది.

ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ, అప్పట్లో మశూచి జబ్బు కాదు, చుట్టం. ఆవిడ ఇంట్లోకి వచ్చిందంటే ఆవిడ మెచ్చేటట్టు మసలుకోవాలి. పోపు వేయకూడదు, తల దువ్వుకోకూడదు, గట్టిగా మాట్లాడకూడదు, బయటివాళ్ళు గడప తొక్కకూడదు, ఇంట్లోవాళ్ళు ఇంకో ఇంటికి పోకూడదు. చాకలి రాడు, మంగలి రాడు, పాలు పోసే మనిషి పాలు వాకిట్లో పెట్టి పోతాడు. వీటన్నిటికంటే పెద్ద కట్టుబాటు ఒకటుంది, ఆ ఇంట్లో ఎవ్వరూ కంటతడి పెట్టకూడదు. ఏడుపు వినబడితే, నేను వచ్చినందుకు వీళ్ళకు కష్టంగా ఉందని ఆ తల్లి అలుగుతుంది, అలిగి పడుకున్న మనిషి మీద చూపిస్తుంది. కళ్ళు తీసుకుపోతుంది, లేదా మనిషినే తీసుకుపోతుంది. టీకాలవాళ్ళు సమితి ఆఫీసు నుంచి రెండుసార్లు వస్తే మా అత్తగారు వాకిలి దగ్గరే రెండు చేతులూ జోడించి వెనక్కి పంపేశారు, చుట్టం ఉన్న ఇంట్లో సూది చూపిస్తారా అని.

నా చిక్కు ఇంకోటి. నాది పురుడు, మైల. అమ్మవారికి మైల పడదు. ముందు గదిలో అమ్మవారు, వెనక గదిలో పురుడు, మధ్యలో మా అత్తగారు. ఆవిడ రెండు రోజులు ఆలోచించి, నా గదికీ ఇంటికీ మధ్యనున్న తలుపు మూసి గొళ్ళెం పెట్టేశారు. నాకు తిండి పెరటి వైపు నుంచి వచ్చేది. ఆ గదిలో ఒక మూల వడ్ల గరిసె, ఇంకో మూల ఆ ఏడు వండిన బెల్లం ముద్దలు గోనె కప్పి ఉండేవి. గల్లీలోకి ఒక చిన్న కిటికీ, పెరట్లోకి ఒక తలుపు. బాలింతను కనుక పెరట్లోకి పోరాదు, మైలదాన్ని కనుక ఇంట్లోకి రారాదు, అమ్మవారు ఉంది కనుక గల్లీ మొహం చూడరాదు. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ బెల్లం వాసన భరించలేక ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని. ఈనాటికీ మా ఇంట్లో బెల్లం డబ్బా మూత నేను తీయను, ఇంకెవరినైనా తీయమంటాను.

ఏడుపు నాకు అమ్మవారు రాకముందే మొదలైంది. పిల్ల పుట్టిన నాలుగో రోజున, కారణం ఏమీ లేదు, కాళ్ళకు కాపడం పెట్టుకుంటుంటే కళ్ళ నుంచి నీళ్ళు కారడం మొదలై ఆగలేదు. అందరికీ ఉండేదే అన్నారు, ఉండేదేనేమో కూడా. అమ్మవారు వచ్చాక మూసిన తలుపు అవతల నుంచి మా అత్తగారి గొంతు మెల్లగా వినబడింది. "ఏడువకు బిడ్డా. తల్లి ఇంట్ల ఉన్నది. నీ ఏడుపు ఇన్నదంటే నీ ఆడబిడ్డ మీద చూపుతది."

ఇక్కడే ఒక మాట చెప్పాలి. కథల్లో అత్తగార్లను చితకబాదడం మనకు అలవాటు, మా అత్తగారు అట్లాంటి మనిషి కాదు. కూతురి పక్కన కూర్చుని వేపమండతో విసురుతూ, నాకు వేళకు మిరియాల చారూ వేడన్నమూ అందిస్తూ, ఆ నెలంతా ఆవిడ నడుం వాల్చిన గంటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పెళ్ళి కావాల్సిన కూతురు మొహం నిండా పొక్కులతో పడుకుని ఉంది. ఆ పిల్లకు కళ్ళు దక్కుతాయా, ప్రాణం దక్కుతుందా అని ఆవిడ దిగులు. అందుకే నన్ను ఏడవొద్దన్నారు.

నేను ఆపుకున్నాను. ఒక మధ్యాహ్నం మాత్రం ఆపుకోలేక, కొంగు నోట్లో కుక్కుకుని, గరిసె వెనక కూర్చుని ఏడ్చాను. చప్పుడు బయటికి రాలేదు. ఆ సాయంత్రం, ఆడబిడ్డ కంటి రెప్ప మీద కూడా పొక్కు లేచిందని అత్తగారు మా ఆయనతో చెప్పడం నా చెవిన పడింది. పంతొమ్మిదేళ్ళ బుర్రకు ఎంత తెలుస్తుంది. ఆ పొక్కు నేను పెట్టిందే అనుకున్నాను. ఆ రోజు నుంచి నా కళ్ళలోంచి ఒక్క చుక్క రాలేదు.

ఏడుపు ఆపుకోవడం అంటే ఏదో పళ్ళ బిగువున భరించడం అనుకుంటారు. మొదటి రెండు రోజులే అది. ఆ తర్వాత ఆపుకోవాల్సిన పని లేదు, ఏడుపే రాదు, దాంతోపాటే మిగతావీ పోతాయి. నాకు అన్నం రుచి పోయింది. నిద్ర పోయింది. కళ్ళు మూసుకుంటే మూతపడేవి గానీ నేను లోపల మెలకువగానే ఉండేదాన్ని. పిల్ల నా పక్కలోనే ఏడుస్తుంటే ఎవరింట్లోనో ఏడుస్తున్నట్టు వినబడేది. పాలిచ్చేదాన్ని, గుడ్డలు మార్చేదాన్ని, నూనె రాసేదాన్ని, నా చేతులు వాటి పని అవి చేసేవి. పిల్ల మొహం చూస్తే, ఇది ఎవరిదో, నా దగ్గర దాచమని పెట్టిపోయారు, వాళ్ళు వచ్చి తీసుకుపోతే బాగుండు అనిపించేది. కన్నతల్లికి ఇట్లాంటి ఆలోచన వస్తుందా అని నన్ను నేనే అసహ్యించుకున్నాను. పైకప్పు వాసాలు పదిహేడు. ఇటునుంచి లెక్కపెట్టినా అటునుంచి లెక్కపెట్టినా పదిహేడే.

ఒక రోజు మా అమ్మ వచ్చింది. తమ ఊళ్ళో తగ్గుముఖం పట్టిందని, బిచ్కుంద బస్సు పట్టుకుని, సొంఠి పొడీ నేతి డబ్బా సంచిలో వేసుకుని వచ్చింది. వస్తే ఏముంది, గడప తొక్కకూడదు. ఎదురింటి అరుగు మీద నిలబడింది. నేను కిటికీ దగ్గర. మధ్యలో గల్లీ, ఎనిమిదడుగులుంటుందేమో. "మంచిగున్నవా బిడ్డా" అంది. "మంచిగున్ననే అమ్మా" అన్నాను. పిల్లను చూపించమంటే కిటికీకి ఎత్తి పట్టుకున్నాను. మా అమ్మ పెదవులు బిగపట్టుకుని నవ్వింది, ఆవిడకూ తెలుసు ఆ వాకిట్లో ఏడవకూడదని. సంచి అరుగు మీద పెట్టి, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది. నా తల్లి వచ్చి వెళ్ళిపోతుంటే నాకేమీ అనిపించలేదు. బాధ కలిగినా బాగుండేది. ఏమీ అనిపించకపోవడం చూసి నాకు భయం వేసింది, కాసేపటికి ఆ భయం కూడా పోయింది.

మా ఆయన పొద్దుగూకే వేళ పెరటి తలుపు అవతల నిలబడి, "ఏమన్న గావాల్నా" అని అడిగేవారు. ఏమీ వద్దనేదాన్ని. సరే అని వెళ్ళిపోయేవారు. మంచి మనిషే, ఇంకో ప్రశ్న అడగాలని ఆయనకు తోచలేదు, ఇంకో జవాబు చెప్పొచ్చని నాకూ తోచలేదు. అత్తగారేమో గోడ మీదుగా పక్కింటావిడతో నా గురించి గొప్పగా చెప్పేవారు. "మా కోడలు గుండె గట్టిది. కంట్ల నీళ్ళు పెట్టదు, ఒక్క మాట అనదు." ఇంటిల్లిపాదీ చేసిన పొరపాటు అదే. ఏడవని బాలింతను చూసి, కుదురుగా ఉందనుకున్నారు.

ఇక దాచి లాభం లేదు. పెరటి తలుపులోంచి చూస్తే బావి కనిపించేది. మా వైపు పురుడు నాడు బాలింత చేత బావికి పూజ చేయిస్తారు. పసుపూ కుంకుమా పెట్టి, చేద వేసి, మొదటి బొక్కెన నీళ్ళు తోడితే మైల తీరినట్టు, మళ్ళీ ఇంటి మనిషి అయినట్టు. ఇరవై ఒకటో నాడు జరగాల్సిన ఆ పురుడు, ఇంట్లో అమ్మవారు ఉండగా ఏ శుభమూ చేయకూడదు కనుక వాయిదా పడింది. గది బయట నాకు అనుమతి దొరకబోయే తావు ఆ బావి ఒక్కటే, అక్కడికి వెళ్ళే రోజు కోసం నేను ఎదురుచూడటం మొదలుపెట్టాను. పూజకు కాదు. అక్కడికి వెళ్తే మళ్ళీ ఈ గదిలోకి రానక్కర్లేదు అన్న ఆలోచన ఎప్పుడు మొదలైందో చెప్పలేను. భయంగా రాలేదది, పని అయిపోయాక ఇంటికి పోదామన్నంత మామూలుగా వచ్చింది. నేను పోతే పిల్లను మంచిగా చూసుకునే తల్లి ఇంకెవరో వస్తుందని కూడా అనుకున్నాను. ఆ జబ్బు మనిషి చేత అట్లా అనిపిస్తుందని ఇప్పుడు డాక్టర్లు చెబుతారు, అప్పుడు అది నా ఆలోచనే అనుకున్నాను.

మా ఆడబిడ్డ దక్కింది. ఒకసారి, రెండోసారి, మూడోసారి నీళ్ళు పోశారు, పోశమ్మకు బోనం తీశారు, అమ్మవారిని మేళతాళాలతో పొలిమేర దాటించారు. కళ్ళు దక్కాయి, కనుబొమ్మ దగ్గర రెండు మచ్చలు మిగిలాయి, అంతే. ఇంట్లో మళ్ళీ పోపు వాసన వచ్చింది. ఆ ఆదివారమే నా పురుడు, బావి పూజ అన్నారు. పిల్ల పుట్టి నలభై రోజులు దాటింది.

ఆ ఉదయం అవ్వ వచ్చింది, నాకూ పిల్లకూ నీళ్ళు పోయడానికి. నెలరోజుల తర్వాత ఆ గది గడప లోపలికి వచ్చిన మొదటి బయటి మనిషి. నన్ను పీట మీద కూర్చోబెట్టి, నలుగు పెట్టి, ఎప్పటిలా వాడలోని కబుర్లన్నీ చెబుతూ కాగే నీళ్ళు పోసింది. మామూలుగా అయితే ఆ వేడికి ఎవరైనా అమ్మో అంటారు. నేను అనలేదు. ఆమె కబుర్లు ఆపింది. ఇంకో చెంబు పోసింది, నా మొహంలోకి చూసింది. తర్వాత పిల్లకు నీళ్ళు పోసి, పొత్తిగుడ్డలో చుడుతుంటే ఆ గుడ్డ కొసన ఏదో ముడి తగిలింది. విప్పింది. పెళ్ళిలో మా అమ్మ నా మెడలో వేసిన బంగారు గుండ్ల దండ. తెల్లవారుజామునే తీసి అందులో కట్టాను, పిల్లకు నా గుర్తుగా ఉండాలని.

అవ్వ అరవలేదు, అడగలేదు, ఎవర్నీ పిలవలేదు. ఆ దండ నా మెడలో వేసి, దారం వెనక్కి తీసి మూడు ముళ్ళు బిగించింది. పిల్లను చంకనేసుకుని, నన్ను గదిలోనే ఉండమని చేయి చూపించి, పెరట్లోకి పోయింది. అక్కడ మా అత్తగారు బావి గట్టు అలికి, ముగ్గేసి, బొక్కెనకు పసుపు రాసి, నలుగురు ముత్తైదువలతో కాచుకుని ఉన్నారు. అవ్వ అందరూ వినేటట్టు చెప్పింది.

"పటేలమ్మా, కోడలికి ఇంక మైల తెగలే. గీ చేతులతోని గంగమ్మను ముట్టిపియ్యరాదు. తల్లిగారింటికి తోలుండ్రి, నేను ఎంబడి పోత. తెగినంక నేనే జెప్త."

బాలింతకు మైల తెగిందా, అంటే నెత్తురు ఆగిందా లేదా అన్నది చెప్పాల్సింది కాన్పు చేసిన మనిషి. ఆ మాటకు ఎదురు చెప్పేవాళ్ళు మా వైపు లేరు, దాన్ని మగవాళ్ళు అడగరు, ఆడవాళ్ళు తరచి చూడరు. అది పచ్చి అబద్ధమని గదిలో ఉన్న నాకు తెలుసు. మా అత్తగారు కాసేపు అవ్వ మొహం వైపే చూస్తూ నిలబడ్డారు. పసుపు గిన్నె కింద పెట్టారు. "అట్లనే తీయ్" అన్నారు.

గంటలో బండి కట్టారు. మా ఆయనే తోలారు, వెనక గడ్డి పరుపు మీద నేను, నా చేయి పట్టుకుని అవ్వ, ఆమె ఒళ్ళో పిల్ల. నా చేయి ఆమె ఊరు దాటేదాకా వదల్లేదు, చెమట పట్టి జారితే ఇంకో చేత్తో పట్టుకుంది. కాల్వ గట్టు ఎక్కాక బండి ఆపమంది. మా ఆయన వెనక్కి తిరిగి చూస్తే, ఎడ్లకు నీళ్ళు తాపమని పంపించింది. అప్పుడు నా వైపు తిరిగింది.

"ఇగ ఏడువు బిడ్డా. గిది ఇల్లు గాదు, కాల్వ గట్టు. తల్లి పొలిమేర దాటి పోయింది, ఇగ ఇనదు. నీకెంతసేపు ఏడ్వబుద్ధయితే అంతసేపు ఏడువు. ఎడ్లు మేస్తయి."

నాకు ఏడుపు రాలేదు. చాలాసేపు రాలేదు. ఆమె తొందరపెట్టలేదు, పొగాకు నములుతూ కూర్చుంది. పిల్ల కదిలితే జోకొట్టింది. కాల్వలో నీళ్ళు సగమే ఉన్నాయి, అవతల చెరుకు కొట్టేసిన మోళ్ళు. ఎప్పుడు మొదలైందో తెలియదు, ముందు గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది, అది నాదని తెలియడానికి నాకు కాస్త సమయం పట్టింది. తర్వాత ఇక ఆగలేదు. గొడ్డు అరిచినట్టు అరిచి ఏడ్చాను. అవ్వ నన్ను ఊరుకోమనలేదు. మా ఆయన ఎడ్ల దగ్గరే, వాటి వీపు మీద చేయి వేసి, అటు తిరిగి నిలబడి ఉన్నారు. ఆయన భుజాలు కదలడం నేను చూశాను. నలభై ఏళ్ళ కాపురంలో ఆ సంగతి మేమిద్దరం ఎన్నడూ మాట్లాడుకోలేదు.

ఆ ఏడుపుతో నాకు నయమైపోయిందని రాస్తే కథ బాగుంటుంది, కానీ అట్లా జరగలేదు. అవ్వ మా పుట్టింట్లో ఎనిమిది రోజులు ఉంది. నాకు రంది పట్టిందని, లోపల దిగులు తినేస్తోందని మా అమ్మతో చెప్పింది, ఒంటరిగా వదలొద్దంది, బావి మీద మూత వేయించింది. పిల్లను ఎత్తుకోమని ఎవ్వరూ జబర్దస్తీ చేయొద్దు, పాణం కుదుటపడితే అదే ఎత్తుకుంటది అంది. నాలుగు నెలలు మా అమ్మ నా కొంగు తన చేతికి చుట్టుకుని పడుకుంది. ఒక రోజు ఆకలి వేసింది. ఇంకో రోజు మా నాయనమ్మ మరాఠీలో ఏదో అంటే నవ్వొచ్చింది. మళ్ళీ పది రోజులు మామూలే. తొలకరి పడి, నాట్లు వేసే రోజుల్లో, వసారాలో పిల్లకు నూనె రాస్తూ, దీని చెవులు అచ్చం మా నాన్న చెవుల్లా ఉన్నాయే అనుకున్నాను. రోజూ ఆ చెవులకు నూనె రాస్తున్నది నేనే. అంతకు ముందు వాటిని నేను చూడలేదు. పిల్లను ఎత్తి గుండెకు ఆనించుకున్నాను. నేను అడగకుండానే, ఎవరూ చెప్పకుండానే.

ఎనభైలు వచ్చేసరికి మా ఆడబిడ్డ బీర్కూర్ ఊళ్ళో ఒక ఇంటి కోడలై, రెండో కాన్పుకు మా ఇంటికి వచ్చింది. కాన్పయిన నాలుగో రోజున ఆమె కూడా ఊరికే ఏడవడం మొదలుపెట్టింది. పక్కింటావిడ ఊరుకోమని సముదాయించబోతే మా అత్తగారు, "ఏడ్వనియ్యిండ్రి" అన్నారు. నేను ఆవిడ వైపు చూశాను. ఆ సాయంత్రం ఇద్దరమూ బియ్యం ఏరుతుంటే, చేట మీంచి తల ఎత్తకుండానే అన్నారు.

"ఆ నెలంత చాకలోళ్ళు గడప తొక్కలే. నీ బట్టలు పిండింది నేనే గదనే. మైల తెగి పది దినాలయిందని నాకెరుక లేదా?"

మరి ఎందుకు ఊరుకున్నారు అత్తమ్మా అని అడిగాను. "ముసల్ది ఒట్టిగ అబద్ధమాడే మనిషి గాదు" అన్నారు. కాసేపటికి, మా ఆయన కంటే ముందు తనకు ఒక కొడుకు పుట్టాడని, మూడేళ్ళ వాడిని అమ్మవారు తీసుకుపోయిందని, ఆ తల్లి తీసుకుపోయిన బిడ్డ కోసం ఏడవకూడదని తన అత్తగారు అంటే తాను ఏడవలేదని చెప్పారు. ఇప్పటిదాకా ఏడవలేదు అని, లేచి వెళ్ళి బియ్యం ఎసట్లో పోశారు.

ఆవిడ పోయారు, అవ్వ పోయింది, మా ఆయన పోయారు. ఆ జబ్బు దేశంలోనే లేకుండా పోయిందన్నారు. మా గల్లీలో బావులన్నీ పూడ్చి ఇళ్ళు కట్టుకున్నారు, బాలింతలు నల్లాకే పసుపు రాసి పూజ అయిందనిపిస్తున్నారు. ఆడపిల్లలు పదో రోజుకే బయట తిరుగుతున్నారు, మనసు బాగాలేదని నోరు తెరిచి చెబుతున్నారు, చెబితే వినేవాళ్ళు కొందరైనా ఉన్నారు. మన రోజులే మంచివని అనేవాళ్ళతో నేను ఈ ఒక్క విషయంలో కలవను. అవ్వ లాంటి మనిషి ప్రతి వాడలోనూ ఉండి ఉండదు. మూసిన తలుపుల వెనక ఏడవకుండా ఉండిపోయి, గుండె గట్టిదనిపించుకున్న ఆడవాళ్ళు ఎంతమంది బావి దగ్గరికి వెళ్ళారో ఎవరు చూశారు.

నా నష్టం నాకొకటి మిగిలే ఉంది. మూడేళ్ళ తర్వాత పుట్టిన నా కొడుకు ఏ రోజు బోర్లాపడ్డాడో, ఏ రోజు నన్ను చూసి మొదటిసారి నవ్వాడో అన్నీ చెప్పగలను. మా అమ్మాయి మొదటి నవ్వు నాకు తెలియదు. అది నన్ను చూసే నవ్వి ఉంటుంది, ఆ గదిలో ఇంకెవరున్నారు. చిన్నప్పుడు నేనెట్లా ఉండేదాన్నమ్మా అని ఆమె అడిగినప్పుడల్లా తమ్ముడి ముచ్చట్లే ఆమెవిగా మార్చి చెబుతూ వచ్చాను, యాభై ఏళ్ళుగా ఆమె వాటిని తనవే అనుకుని తన పిల్లలకు చెప్పుకుంటోంది. ఒక పసిపిల్ల అన్ని రోజులు నా మొహంలోకి చూస్తూ నవ్వితే, నేను పైకప్పు వాసాలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.